చపాతీ పీటకి ఏ నూనె పట్టించాలి?

పోయిన నెల తలుపులు, గుమ్మాల గురించి రాశాను. ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా వంటింటి చెక్క సామాన్ల గురించే. చపాతీ పీటలు, తెడ్లు, కూరగాయలు తరిగే పలకలు, ట్రేలు. తిరగేసి మరగేసి అందరూ అడిగింది ఒకటే: తినే పదార్థం తగిలే ఉత్త చెక్కకి ఏం పూయాలి? నేను రాజమండ్రిలో ముప్పై ఏళ్లకు పైగా చెక్క పని చేస్తున్నాను. దీని మీద నాకు గట్టి అభిప్రాయాలే ఉన్నాయి, ఉన్నవి ఉన్నట్టు చెబుతాను.

ప్రశ్న: టేకు చెక్కతో చపాతీ పీట, కర్ర చేయించుకున్నాం. ఇంకా ఉత్త చెక్కే, ఏమీ పూయలేదు. వడ్రంగి "మెలమైన్ పాలిష్ కొట్టిస్తాను, అద్దంలా మెరుస్తుంది" అంటున్నాడు. మా అత్తగారు కొబ్బరినూనె రాస్తే చాలంటారు. మా ఆయన ఏదో వీడియో చూసి అవిసె నూనె అంటున్నారు. ఇంట్లో ఇద్దరు చిన్నపిల్లలు ఉన్నారని నాకు టెన్షన్. ఎవరి మాట వినాలో తెలియక పీటని బీరువా మీద పెట్టి, పాత స్టీలు పీట మీదే చేసుకుంటున్నాను.
— ఒక గృహిణి, తెనాలి

జవాబు: బీరువా మీద పెట్టి మంచి పని చేశారమ్మా. ఒకసారి పాలిష్ పడ్డాక తీయడం పెద్ద పని. మీకు వచ్చిన మూడు సలహాల్లో అసలు వద్దనేది ఆ పాలిష్ ఒక్కటే. మిగతా ఇద్దరూ తప్పు చెప్పలేదు. అయితే నేను మీకు చెప్పబోయేది నాలుగోది.

ముందు పాలిష్ సంగతి. మెలమైన్ కానివ్వండి, పీయూ (పాలీయురేథేన్) కానివ్వండి, వార్నిష్ కానివ్వండి, ఇవన్నీ చెక్క మీద పొరలా కూర్చుంటాయి. పూర్తిగా ఆరిపోయాక వాటిలో హాని ఏముంటుంది అని కొందరు వాదిస్తారు. వాసన అంతా పోయి, బాగా గట్టిపడిన పొరతో ప్రమాదం తక్కువే, ఆ మాట నేను కాదనను. కాఫీ కప్పులు పెట్టుకునే ట్రేకి అయితే నేనే పాలిష్ కొడతాను. కానీ పీట సంగతి వేరు. రోజూ కర్ర దాని మీద ఒత్తుకుంటుంది, పిండి గీకుతాం, నీళ్లతో కడుగుతాం, అప్పుడప్పుడు దాని మీదే ఉల్లిపాయ కోసేస్తాం. చాకు గీత ఒక్కటి పడిందంటే నీళ్లు ఆ గీతలోంచి పొర కిందికి దిగుతాయి. లోపల చెక్క ఉబ్బుతుంది, పైన పొర ఉబ్బదు. అక్కడి నుంచి లేవడం మొదలవుతుంది.

ఇది నా చేతుల మీదుగా జరిగింది. పని నేర్చుకున్న కొత్తలో మా పెద్దక్కకి ఒక పీట చేసి ఇచ్చాను. చేవ ఉన్న టేకు, పది అంగుళాల గుండ్రటి పీట, మూడు కాళ్లు. నా పనితనం చూపించాలని మెలమైన్ రెండు కోట్లు కొట్టాను. అక్క మురిసిపోయి అందరికీ చూపించింది. నాలుగు నెలల తర్వాత వాళ్ళింటికి భోజనానికి వెళితే, పూరీ తుంచుతుంటే అంచున ఉల్లిపొర లాంటిది సన్నగా మెరుస్తూ కనిపించింది. గోటితో తీసి వెలుతురులో పెట్టి చూశాను. నేను కొట్టిన పాలిషే. లోపలికి వెళ్లి పీట చూస్తే నడిమధ్యన అరచేతి మేర పొర లేచిపోయి ఉంది. అప్పటికి మా మేనకోడలికి రెండేళ్లు. ఆ పిల్ల ఎన్నాళ్లుగా ఆ రేకులు తిన్నదో అని ఆ రోజు నాకు ముద్ద దిగలేదు. పీట తెచ్చేసుకుని, చిత్రిక పట్టి, ఉత్త చెక్క వరకూ తీసి, నూనె పట్టించి ఇచ్చాను. ఆ పీట ఇప్పటికీ అక్క దగ్గరే ఉంది. ఆ తర్వాత పిండి తగిలే చెక్కకి నేను పాలిష్ కొట్టలేదు, ఎవరు అడిగినా కొట్టను.

కాబట్టి పొర వద్దు, నూనే కావాలి. నూనె చెక్కలోకి ఇంకి, దాని సన్నటి రంధ్రాల్లో నిలబడుతుంది. అక్కడ చోటు లేక నీళ్లు, పసుపు, వెల్లుల్లి రసం తేలిగ్గా దిగవు. పైన పొర లేదు కాబట్టి రేకులు లేచే ప్రసక్తే లేదు. అరిగితే మళ్ళీ పట్టించుకుంటాం, అంతే.

అయితే అన్ని నూనెలూ ఒకటి కావు. అవిసె నూనె లాంటివి గాలి తగిలితే గట్టిపడతాయి, వీటిని మేం ఆరే నూనెలంటాం. కొబ్బరినూనె లాంటివి ఎన్నాళ్లయినా ఆరవు. వేరుశెనగ, నువ్వులు, పొద్దుతిరుగుడు, ఇవి మధ్య రకం. అటు పూర్తిగా ఆరవు, ఇటు మంచిగానూ ఉండవు. కొన్నాళ్లకి జిడ్డుగా బంకలా తయారై కనరు వాసన కొడతాయి. పీటకి ఈ మధ్య రకం నూనె ఎవరు చెప్పినా వినకండి.

మీ అత్తగారి కొబ్బరినూనె మీద నాకు గౌరవం ఉంది. మామూలు వంట నూనెలన్నిటిలోకి చాలా ఆలస్యంగా కనరెక్కేది అదే. రోజూ వాడే ఇంట్లో, రోజూ కడిగి తుడిచే పీటకి దానితో సరిపోతుంది, మన అమ్మమ్మలు అలాగే నెట్టుకొచ్చారు. ఊరెళ్లి నెల రోజులు ఇల్లు తాళం వేసి వస్తే మాత్రం పీట కాస్త వాసన వేయొచ్చు. మీ ఆయన చెప్పిన అవిసె నూనె కూడా మంచిదే, కానీ అది పూర్తిగా గట్టిపడటానికి వారాలు పడుతుంది, పైగా కొనేటప్పుడు ఒక జాగ్రత్త ఉంది. దాని గురించి కింద హైదరాబాద్ అబ్బాయికి రాశాను, అది కూడా మీ ఆయనకి చూపించండి.

నేను మీకు చెప్పేది లిక్విడ్ పారాఫిన్. మెడికల్ షాపులో దొరుకుతుంది. మలబద్ధకానికి ఇచ్చే మందు ఇది. నీళ్లలా తెల్లగా ఉంటుంది, రంగు లేదు, వాసన లేదు, రుచి లేదు. సీసా మీద లిక్విడ్ పారాఫిన్ ఐ.పి. అని ఉండాలి. ఐ.పి. అంటే ఇండియన్ ఫార్మకోపియా, అంటే మందుగా తీసుకునే స్థాయిలో శుద్ధి చేసింది అని అర్థం. పాల రంగులో చిక్కగా ఉండే విరేచనాల సిరప్ కూడా ఆ షాపులోనే ఉంటుంది, అందులో వేరే మందులు కలుస్తాయి, అది కాదు. యంత్రాలకి వేసే నూనె, కుట్టు మిషన్ నూనె చూడటానికి ఇలాగే ఉంటాయి, వాటిని వంటింటి దరిదాపులకి రానివ్వకండి. ఈ పారాఫిన్ ఆరదు, కానీ కనరెక్కే గుణం దానికి అసలు లేదు. పదేళ్లు గడిచినా వాసన రాదు. చంటిపిల్లలున్న ఇంటికి నేను దీన్నే ముందు చెబుతాను.

ఇక పని. ముందు పీటని 120 నంబరు గరుకు కాగితంతో, తర్వాత 180, ఆపైన 220తో చెక్క నారు వెంబడి, అంటే చెక్కలో పోగులు సాగే దారిలోనే రుద్దండి. నారుకి అడ్డంగా రుద్దితే గీతలు పడి నూనె పట్టాక కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. 220 అయ్యాక తడిగుడ్డతో ఒకసారి తుడిచి, పూర్తిగా ఆరనివ్వండి. అప్పుడు అరచేయి పెట్టి నిమిరి చూడండి. నున్నగా చేసిన పీటే కుక్కపిల్ల బొచ్చులా గరుగ్గా తగులుతుంది. నీళ్లు తగిలి లోపల నొక్కుకుపోయిన నారులన్నీ లేచి నిలబడతాయి. ఇప్పుడు మళ్ళీ 220తో, బరువు వేయకుండా, తుడిచినట్టు నాలుగు చేతులు రుద్దితే అవి తెగిపోతాయి. ఈ ఒక్క పని చేయకపోతే పీట మొదటిసారి కడిగిన రోజే గరుకు తేలి, "నూనె పట్టించినా లాభం లేదు" అనుకుంటారు. చాలామంది తప్పు ఇక్కడే.

దుమ్మంతా పొడిగుడ్డతో దులిపి, పారాఫిన్ సీసాని పది నిమిషాలు వేడినీళ్ల గిన్నెలో ఉంచండి. గోరువెచ్చని నూనె త్వరగా ఇంకుతుంది. పాత నూలు చీర ముక్క మడత పెట్టి, నూనెలో తడిపి, పైనా కిందా అంచులా అంతా పట్టించండి. ఒక వైపే పట్టిస్తే రెండో వైపు మాత్రమే తేమ పీల్చుకుని పీట వంగుతుంది, అప్పుడు గట్టు మీద పెడితే కదులుతూ ఉంటుంది. రంపం అడ్డంగా కోసిన చివరల దగ్గర నూనె పోసినకొద్దీ తాగేస్తుంది. అక్కడ మూడు నాలుగు సార్లు తడపండి. రాత్రంతా వదిలేసి, పొద్దున మిగిలింది తుడిచి, మళ్ళీ పట్టించండి. ఇలా మూడు రాత్రులు చేస్తే కొత్త టేకు పీటకి సరిపోతుంది. అంతా కలిపి ఒక చిన్న టీ కప్పులో సగం నూనె కూడా పట్టదు.

ఓపిక ఉంటే పైన తేనెమైనం పట్టిస్తే ఇంకా మంచిది. 100 గ్రాముల పారాఫిన్‌కి 25 గ్రాముల తేనెమైనం. గాజు సీసాలో వేసి, ఆ సీసాని నీళ్లున్న గిన్నెలో నిలబెట్టి సన్న సెగ మీద ఉంచితే మైనం కరుగుతుంది. అది 65 డిగ్రీల లోపే కరిగిపోతుంది, నీళ్లు తెర్లాల్సిన అవసరం కూడా లేదు. మంట మీద నేరుగా మాత్రం పెట్టకండి, అంటుకుంటుంది. కలిపి చల్లారనిస్తే గడ్డపెరుగు కంటే కాస్త గట్టిగా తయారవుతుంది. వేలితో తీసి పీట మీద పులిమి, అరగంట ఆగి, పొడిగుడ్డతో గట్టిగా రుద్దండి. చేతికి జిడ్డు తగలనంత వరకూ రుద్దాలి. అప్పుడు పీటకి వచ్చే మెరుపు అద్దం మెరుపు కాదు, నూనె రాసుకున్న చేతికి ఉండే నిగనిగ. నాకు అదే ఇష్టం. మైనం కొనేటప్పుడు కొవ్వొత్తి మైనం అంటగట్టకుండా చూసుకోండి. అసలైన తేనెమైనం వేళ్ల మధ్య కాసేపు నలిపితే మెత్తబడుతుంది, తేనె వాసన వస్తుంది.

మళ్ళీ ఎప్పుడు పట్టించాలో పీటే చెబుతుంది. నాలుగు నీటిబొట్లు చల్లండి. తామరాకు మీద నీళ్లలా నిలిస్తే ఇంకా నూనె ఉన్నట్టు. చెక్క నల్లబడి బొట్టు ఇంకిపోతే ఆ రాత్రే నూనె పట్టించండి. రోజూ వాడే పీటకి నెలకోసారి పడుతుంది. కడగడం సబ్బుతోనే కడగండి, తప్పు లేదు, కానీ సింకులో నానబెట్టొద్దు. కడిగి, తుడిచి, గోడకి నిలబెట్టండి.

ప్రశ్న: రెండేళ్లుగా మా కూరగాయల పలకకి వేరుశెనగ నూనె రాస్తున్నాను. ఇప్పుడు చేత్తో పట్టుకుంటే అంటుకుంటోంది, ముక్కిపోయిన వాసన వస్తోంది. పారేయాలా?
— ఒక పాఠకురాలు, నిజామాబాద్

జవాబు: పారేయకండి. పైన చెప్పిన మధ్య రకం నూనెతో వచ్చే ఇబ్బందే ఇది. వేడినీళ్లు, గిన్నెల సబ్బు, గుప్పెడు వంటసోడా వేసి పీచుతో గట్టిగా తోమి, నీడలో రెండు రోజులు ఆరబెట్టండి. తర్వాత చాకు వీపు నిలువుగా పట్టుకుని గీకితే ఆ బంక మైనంలా చుట్టుకుని వస్తుంది. గీకకుండా ముందే గరుకు కాగితం పెడితే కాగితం నిండిపోయి నిమిషంలో పనికిరాకుండా పోతుంది. గీకాక 80, 120, 180, 220. ముక్కు దగ్గర పెట్టుకుని చూడండి. ఇంకా వాసన ఉంటే మళ్ళీ సోడాతో తోమండి. ఆ వాసన మీద కొత్త నూనె పట్టిస్తే లోపలే ఉండిపోతుంది.

ప్రశ్న: నేను ఇంజినీరింగ్ విద్యార్థిని. ఇండస్ట్రియల్ ఏరియాలో పారేసిన ప్యాలెట్ చెక్కలు (సరుకు పేర్చి మోసే చెక్క చట్రాలవి) తెచ్చి స్నాక్స్ ట్రేలు చేసి అమ్ముదామని ఉంది. హార్డ్‌వేర్ షాపులో బాయిల్డ్ లిన్సీడ్ ఆయిల్ కొన్నాను. సహజమైనదే కాబట్టి తినే వాటికి వాడొచ్చు కదా?
— ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: నీ వయసులో చేతిపని మీద ఆసక్తి ఉండటం చాలా సంతోషం బాబూ. రెండు విషయాలు మాత్రం గట్టిగా చెప్పాలి.

మొదటిది నూనె. లిన్సీడ్ అంటే అవిసే, నిజమే. కానీ హార్డ్‌వేర్ షాపు డబ్బా మీద బాయిల్డ్ అని రాసి ఉన్నంత మాత్రాన అది ఉత్తగా కాచిన నూనె అనుకోకు. త్వరగా ఆరడానికి అందులో కోబాల్టు, మాంగనీసు లాంటి లోహాల లవణాలు కలుపుతారు. తలుపులకి, కుర్చీలకి అది భేషైన నూనె, నేనూ వాడతాను. తినే వాటికి వద్దు. తినే వాటికి అవిసె నూనె కావాలంటే గానుగ నూనె అమ్మే దుకాణంలో, తినడానికని అమ్మే పచ్చి అవిసె నూనె కొను. ఆరడానికి టైమ్ పడుతుంది. పల్చగా తుడిచినట్టు రాస్తే మన ఎండల్లో నాలుగైదు రోజులకి చేతికి అంటకుండా అవుతుంది, పూర్తిగా గట్టిపడటానికి నెల వేసుకో. మందంగా రాస్తే ఎప్పటికీ జిగటగానే ఉంటుంది. రాసిన పావుగంటకి మిగిలిన నూనెనంతా తుడిచేయడమే ఇందులో కిటుకు.

ఆ తుడిచిన గుడ్డ గురించి ఇంకా జాగ్రత్తగా విను. అవిసె నూనె ఆరేటప్పుడు గాలిలో ప్రాణవాయువుని పీల్చుకుంటుంది, ఆ పనిలో వేడి పుడుతుంది. పరిచి ఉంచిన గుడ్డలో ఆ వేడి గాలికి పోతుంది. ఉండచుట్టి పడేస్తే లోపలే పెరుగుతూ పోయి, నిప్పురవ్వ లేకుండానే గుడ్డ అంటుకుంటుంది. ఆరేళ్ల కిందట మే నెలలో నా షెడ్డులో ఇదే జరిగింది. ఒక పెద్ద భోజనాల బల్లకి నూనె పట్టించి, నాలుగు గుడ్డలు ఉండచుట్టి బల్ల కింద పడేసి ఇంటికి వెళ్లాను. పక్కనే చిత్రిక పట్టిన పొట్టు గుట్ట. రాత్రి ఎనిమిదింటికి ఫోన్ మర్చిపోయానని వెనక్కి వచ్చాను. తలుపు తీయగానే మాడిన నూనె వాసన. లైటు వేస్తే బల్ల కింద నుంచి సన్నగా, అగరొత్తి పొగలాగా లేస్తోంది. గుడ్డల ఉండ పట్టుకుంటే అప్పుడే ఉడకబెట్టి తీసిన దుంపలా చేయి కాలింది. విదిలించి బయట ఇసకలో పడేశాను. విప్పి చూస్తే లోపలి మడతలు నల్లగా బొగ్గయి, అంచుల్లో ఎర్రగా రవ్వలు కనిపిస్తున్నాయి. ఇంకో అరగంట ఆలస్యమైతే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ గుండె దడదడలాడుతుంది. నువ్వు హాస్టల్ గదిలోనో, అపార్ట్‌మెంట్ బాల్కనీలోనో చేస్తావు కాబట్టి ఇంతగా రాస్తున్నాను. గుడ్డని విప్పి, ఒంటి మడతగా ఆరుబయట తీగ మీద ఆరెయ్యి. అట్టలా బిగిసిపోయాక పారేయొచ్చు. అంత వీలు లేకపోతే నీళ్లు పోసిన రేకు డబ్బాలో ముంచి మూత పెట్టు. పారాఫిన్ గుడ్డతో ఈ బాధ లేదు, అది ఆరే నూనె కాదు కాబట్టి ఇలా దానంతట అది వేడెక్కదు.

రెండోది ప్యాలెట్ చెక్క. దేశాలు దాటే ప్యాలెట్ల మీద గోధుమ కంకి బొమ్మ ఉన్న ముద్ర ఉంటుంది. అందులో హెచ్.టి. అని ఉంటే పురుగు చావడానికి వేడి పెట్టారని, ఎం.బి. అని ఉంటే మిథైల్ బ్రోమైడ్ అనే విషవాయువు పట్టించారని అర్థం. ఎం.బి. ముద్ర ఉన్నది ముట్టుకోకు. ముద్ర లేనిదాని సంగతి ఎవరికీ తెలియదు. హెచ్.టి. అయినా సరే, దాని మీద ఏ రసాయనాల డ్రమ్ములు మోశారో, ఏం ఒలికిందో ఎవరికి తెలుసు? ప్యాలెట్లతో పూలకుండీల స్టాండ్లు, పుస్తకాల అరలు చెయ్యి, చక్కగా అమ్ముడవుతాయి. తినే ట్రేలకి సామిల్లులో మామిడి, వేప, చింత తునకలు తక్కువ ధరకే దొరుకుతాయి, అవి తెచ్చుకో. ప్లైవుడ్, ఎండీఎఫ్ జిగురుతో అతికించినవి, చాకు తగిలే పనులకి అవీ వద్దు.

ప్రశ్న: మా పాపకి ఎనిమిదో నెల. ఏటికొప్పాక నుంచి రంగురంగుల చెక్క గిన్నె, చెంచా బహుమతిగా వచ్చాయి. వాటితో ఉగ్గు పెట్టొచ్చా? లక్క తింటే ప్రమాదమా?
— ఒక తల్లి, విశాఖపట్నం

జవాబు: ముందు మీ భయం తీరుస్తాను తల్లీ. లక్క విషం కాదు. మోదుగ, రేగు లాంటి చెట్ల కొమ్మల మీద లక్క పురుగు చేసే జిగురది. శుద్ధి చేసిన లక్కని మందుబిళ్లల మీద, కొన్ని మిఠాయిల మీద మెరుపు కోసం పూస్తారు. వరాహ నది ఒడ్డున ఏటికొప్పాకలో అంకుడు చెక్కని లేత్ మీద తిప్పుతూ, రంగు కలిపిన లక్క కడ్డీని దానికి ఆనిస్తారు. ఆ రాపిడి వేడికే లక్క కరిగి చెక్కకి పట్టుకుంటుంది. బ్రష్షు లేదు, ద్రావకం లేదు. నేను వెళ్లినప్పుడు ఒక పెద్దాయన పక్కన కూర్చుని గంటసేపు చూశాను. కడ్డీ ఆనగానే పసుపు రంగు చెక్క చుట్టూ రిబ్బన్‌లా పరుచుకోవడం చూస్తుంటే లేవబుద్ధి కాలేదు. పసుపు, నీలిమందు, జాఫ్రా గింజల రంగులు అక్కడ మళ్ళీ వాడుకలోకి రావడానికి ఆ ఊరి కళాకారుడు సి.వి. రాజు గారు ఎన్నో ఏళ్లు పాటుపడ్డారు. ఆయనకి 2023లో పద్మశ్రీ వచ్చింది. ఏటికొప్పాక బొమ్మలకి 2017లో భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది.

అయినా ఉగ్గుకి మాత్రం ఆ గిన్నె వాడకండి. దాని గుణం బట్టే చెబుతున్నాను. రాపిడి వేడికే కరిగే లక్క వేడివేడి ఉగ్గుకి మెత్తబడుతుంది. తడి ఎక్కువసేపు నిలిస్తే తెల్లబారుతుంది. పైగా చెంచాని పాప చిగుళ్లతో కొరుకుతుంది. గిన్నెలో మరమరాలు, బిస్కెట్లు, జీడిపప్పు లాంటి పొడివి పెట్టుకోండి. రంగులు సహజమైనవేనా అని ఇచ్చినవాళ్లని అడిగితే మంచిది. పాపకి చెక్క చెంచాయే కావాలంటే ఏమీ పూయని నున్నటి చెంచా కొని, వాడినప్పుడల్లా కడిగి ఎండలో పెట్టండి. చెంచాలకి, పప్పు గుత్తికి, కవ్వానికి నేను అసలు ఏమీ పూయను. పారాఫిన్ పూసినా వేడి పప్పు రెండు రోజుల్లో దాన్ని లాగేస్తుంది.

ప్రశ్న: ఇక్కడ మేపుల్ చెక్క కటింగ్ బోర్డు కొన్నాను. చెక్క బోర్డులో బ్యాక్టీరియా ఉండిపోతుంది, ప్లాస్టిక్‌దే శుభ్రం అని స్నేహితులు అంటున్నారు. పైగా చలికాలం వచ్చేసరికి అంచున సన్నటి పగులు వచ్చింది.
— ఒక పాఠకురాలు, డాలస్, అమెరికా

జవాబు: మీ స్నేహితుల మాట అక్కడ ఒకప్పుడు అందరూ నమ్మినదే. 1990ల్లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో డీన్ క్లైవర్ అనే శాస్త్రవేత్త బృందం చెక్క, ప్లాస్టిక్ బోర్డుల మీద కావాలని బ్యాక్టీరియా వేసి చూసింది. చెక్క బోర్డుని ప్లాస్టిక్ అంత శుభ్రంగా ఎలా ఉంచాలో కనిపెడదామని వాళ్లు మొదలుపెట్టారు. తీరా చూస్తే చెక్కలోకి దిగిన బ్యాక్టీరియా మళ్ళీ పైకి రాక లోపలే క్రమంగా చచ్చిపోతోంది. చాకు గీతలు పడిన పాత ప్లాస్టిక్ బోర్డునే చేత్తో తోమి శుభ్రం చేయడం కష్టమైంది. కాబట్టి నిశ్చింతగా వాడుకోండి. పచ్చి మాంసానికి, చేపలకి మాత్రం వేరే బోర్డు పెట్టుకోవడం మంచి అలవాటు.

పగులు హీటర్ వల్ల. ఇంట్లో గాలి ఎండిపోయి, చెక్క చివరల నుంచి తేమ పోతుంది. లిక్విడ్ పారాఫిన్‌నే అక్కడ మినరల్ ఆయిల్ అంటారు, మందుల షాపులో దొరుకుతుంది. చలికాలం మొదలవుతుండగానే చివరలకి దండిగా పట్టించి, పైన మైనం పట్టించండి. డిష్‌వాషర్‌లో ఒక్కసారి కూడా పెట్టకండి. అక్కడ వాల్‌నట్ నూనె కూడా బోర్డులకి అమ్ముతారు, చక్కగా ఆరుతుంది, కానీ ఆ గింజలు పడనివాళ్లు ఎవరైనా భోజనానికి వస్తే ఇబ్బంది. నేనైతే మినరల్ ఆయిల్‌తోనే సరిపెడతాను.

ప్రశ్న: నాన్నగారికి షుగర్ ఉంది. వేగిస చెక్క గ్లాసులో రాత్రి నీళ్లు పోసి పొద్దున తాగుతున్నారు. గ్లాసు పగలకుండా లోపల నూనె రాయమంటారా?
— ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: వద్దు. ఆ గ్లాసు వాడేదే చెక్కలోని సారం నీళ్లలోకి దిగాలని. నూనె పట్టిస్తే అది దిగదు. వాడాక కడిగి, నీడలో బోర్లించి ఆరనివ్వండి, ఎండలో పెడితేనే పగులుతుంది. డాక్టరు రాసిన మాత్రలు మాత్రం ఆ నీళ్ల మీద నమ్మకంతో మానకుండా మీరే దగ్గరుండి చూసుకోండి.

ప్రశ్న: మా అమ్మ కత్తిపీట నాకు వచ్చింది. కత్తి దిగిన చోట చెక్క చుట్టూ నల్లగా అయిపోయింది. బూజు అనుకుని ఎంత తోమినా పోలేదు. పసుపు మరకలు కూడా ఉన్నాయి. శుభ్రం చేసి నూనె పట్టించాలని ఉంది.
— ఒక పాఠకురాలు, పాలకొల్లు

జవాబు: ఆ నలుపు బూజు కాకపోవచ్చండి. కత్తి ఇనుము, చెక్కలో ఉండే వగరు పదార్థం తడిలో కలిస్తే ఇలాగే నల్లబడతాయి. పాతకాలం సిరా ఇలాంటి కలయికతోనే చేసేవారు. నిమ్మచెక్క తీసుకుని ఒక మచ్చ మీద రుద్ది పది నిమిషాలు ఆగండి. రంగు తేలికపడితే ఇనుము మరకే. అప్పుడు మిగతా చోట్ల కూడా నిమ్మరసంతో మూడు నాలుగు విడతలుగా రుద్ది, వెంటనే కడిగి, తడి లేకుండా తుడవండి. పులుపు కత్తికి తగిలి ఉండిపోతే మళ్ళీ తుప్పు పడుతుంది. నిమ్మకి కదలకుండా, దగ్గరగా చూస్తే నూగులా ఉండి ముక్కవాసన వస్తే అది బూజు, గరుకు కాగితంతో తీయాల్సిందే.

అమ్మగారి చేతి కింద అరిగిన పీట కాబట్టి గరుకు కాగితం పైపైనే పెట్టండి. ఆవిడ కాలు ఆనించి కూర్చున్న చోట చెక్క నున్నగా గుంటపడి ఉంటుంది, దాన్ని మట్టం చేయకండి. నూనె పట్టించేటప్పుడు కత్తి మొదట్లో ఇనుము, చెక్క కలిసే సందులో మైనం దట్టంగా పెడితే నీళ్లు అక్కడికి దిగవు, మళ్ళీ నల్లబడదు. పసుపు మరకల కోసం అసలు తోమకండి. పసుపు రంగు ఎండకి ఆగదు. నూనె పట్టించక ముందే, కత్తికి గోనెగుడ్డ చుట్టి, పిల్లలు రాని చోట పీటని రెండు రోజులు ఎండలో పెట్టండి. కత్తి నీడ పడిన మేర పసుపు అలాగే ఉండిపోతుంది, మధ్యాహ్నం ఒకసారి తిప్పి పెట్టండి.